మా జేజి చదివి చెప్పిన అమెరికా బొమ్మల పుస్తకం

మా ఇంట్లో ఒక సినిమా మీద వాదన ఇప్పటికీ తెగలేదు. అది వచ్చింది 2009లో, మేం చూసింది 2010 ఎండాకాలంలో. తమ్ముడు దాన్ని గొప్ప సినిమా అంటాడు. చిన్నాయన దాని మాటెత్తితేనే విసుక్కుంటాడు. నాకు సగం ప్రాణం, మిగతా సగం మీద కోపం. సినిమా పేరు 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్'. తీసినాయన స్పైక్ జోన్జ్. మారిస్ సెండాక్ 1963లో రాసి, తనే బొమ్మలు వేసిన చిన్నపిల్లల పుస్తకం దానికి మూలం. సినిమా రావడానికి చాలా ఏళ్ళ ముందే ఆ పుస్తకం మాకు తెలుసు. కావలిలో మా మిద్దె మీద, మా జేజి (నాన్నమ్మ) నోటి నుంచి విన్నాం. మా పట్టింపు అంతా అక్కడి నుంచి వచ్చిందే.

పుస్తకం తెచ్చింది చిన్నాయనే. అమెరికాలో చదువుకోవడానికి పోయి, 1986 ఎండాకాలంలో మొదటిసారి ఇంటికొచ్చాడు. పెట్టె తెరిస్తే మాకు చాక్లెట్లు, స్కెచ్ పెన్నులు, నాన్నకు షేవింగ్ సెట్టు, అన్నిటికీ అడుగున ఈ పుస్తకం. నిలువుగా కాకుండా అడ్డంగా ఉండే పుస్తకాన్ని మేం చూడటం అదే మొదలు. అట్ట మీద నీళ్ళ ఒడ్డున ఒక పడవ. దాని పక్కన ఎద్దు తల, మనిషి పాదాలు ఉన్న ఒక పెద్ద మృగం తలకి చెయ్యి ఆనించుకుని కునికిపాట్లు పడుతూ ఉంటుంది.

అప్పటికి మాకు పుస్తకాలంటే చందమామ, బాలమిత్ర. అవిగాక విశాలాంధ్ర వాళ్ళ దగ్గర నాన్న కొన్న రష్యా పుస్తకాలు కొన్ని ఉండేవి. రాదుగ ప్రచురణాలయం వాళ్ళు తెలుగులోనే అచ్చేసి పంపేవాళ్ళు. మంచి కాగితం, మంచి రంగులు, ధర చూస్తే తక్కువ. వాటిలో బొమ్మలు ఎంత బాగున్నా కథ మాత్రం అక్షరాల్లో ఉండేది. చదవడం రానివాళ్ళు చదివేవాళ్ళ కోసం ఎదురుచూడాల్సిందే. చిన్నాయన తెచ్చిన పుస్తకం అలాంటిది కాదు. మొత్తం మీద ఉన్నవి పది వాక్యాలు, 338 మాటలు.

కథ చిన్నదే. మ్యాక్స్ అనే పిల్లవాడు తోడేలు వేషం వేసుకుని ఇంట్లో అల్లరి చేస్తాడు. వాళ్ళమ్మ అడవి మృగమా అని తిడుతుంది. నిన్ను తినేస్తా అంటాడు వాడు. రాత్రి అన్నం లేకుండా పడుకోమని గదిలోకి పంపేస్తుంది. ఆ గదిలోనే మెల్లగా అడవి మొలుస్తుంది. గోడలు మాయమై ఎటు చూసినా లోకమే అవుతుంది. సముద్రం వస్తుంది, పడవ వస్తుంది, వాడు దాదాపు ఏడాది పాటు ప్రయాణం చేసి మృగాలుండే చోటికి చేరతాడు. వాటి పసుపు పచ్చటి కళ్ళలోకి రెప్పవేయకుండా చూసి లొంగదీస్తాడు, వాటికి రాజవుతాడు, వాటితో కలిసి ఎగురుతాడు దూకుతాడు. ఆ తర్వాత ఒంటరిగా అనిపిస్తుంది. ఎక్కడో దూరం నుంచి తినేవాటి వాసన వస్తుంది. రాజ్యం వదిలేసి ఇంటికొస్తే గదిలో వాడి అన్నం వాడికోసం ఉంటుంది, వేడి కూడా తగ్గకుండా.

బొమ్మల్లో ఒక సంగతి ఉంది. మొదటి పేజీలో బొమ్మ చిన్నది, చుట్టూ తెల్ల కాగితం. పేజీ తిప్పేకొద్దీ బొమ్మ పెరుగుతూ పోతుంది. అడవి మొలిచేసరికి పేజీ నిండుతుంది, ఆ తర్వాత పక్క పేజీలోకి పాకుతుంది. గంతులేసే చోటికి వచ్చేసరికి రెండు పేజీల నిండా బొమ్మే, ఒక్క అక్షరం ఉండదు. అలాంటివి వరసగా మూడు. ఇది నేను పెద్దయ్యాక గమనించాను. జేజి మాత్రం మొదటి రోజే పట్టేసింది. "చూడండబ్బయా, వాడి కోపం పెరిగే కొద్దీ బొమ్మ పెరగతా ఉండాది" అనింది.

జేజికి ఇంగ్లీషు రాదు. తెలుగైనా కూడబలుక్కుని చదివేది. నాన్న ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి పడేది. అమ్మకి వంటింట్లో తీరిక ఉండేది కాదు. చిన్నాయన నాలుగు రోజులు చదివి చెప్పి స్నేహితుల వెంట పడ్డాడు. దాంతో పుస్తకం జేజి చేతికొచ్చింది. సాయంత్రం మిద్దె మీద నీళ్ళు చల్లి, చాపలు పరిచి, తుమ్మలపెంట వైపు నుంచి సముద్రపు గాలి మళ్ళాక పిల్లలందరం చుట్టూ చేరేవాళ్ళం. జేజి అద్దాలు సర్దుకుని పేజీ తిప్పేది.

జేజి కథలో మ్యాక్స్ పగటివేషం కట్టిన పిల్లోడు. "యేషం కట్టినోడు ఊరికే ఉంటాడా, యేషానికి తగ్గట్టు గంతులెయ్యాల గదా" అని వాడి పక్షమే మాట్లాడేది. పడవ తుమ్మలపెంటలో ఎక్కాడు. వాళ్ళమ్మ ఏదీ అని మేం అడిగేవాళ్ళం, ఎందుకంటే ఆ పుస్తకంలో తల్లి బొమ్మ ఎక్కడా కనపడదు. "వంటింట్లో ఉండాది, మీ అమ్మ ఇప్పుడు యాడుంది?" అనేది జేజి. మాకు అనుమానం తీరిపోయేది.

ఇక మృగాలు. ఎద్దు తల ఉన్నది మా బిట్రగుంట మామ. ఆయన రైల్వే లోకో షెడ్డులో పనిచేసేవాడు, గొంతు చాలా పెద్దది, వస్తే వీధి చివరికి వినపడేది. పొడుగు జుట్టు ఉన్న ఆడ మృగం కందుకూరు మేనత్త. కోడి మొహం ఉన్నది ఉలవపాడులో మామిడి తోట ఉన్న ఒక పెద్దాయన. ఆయన పేరు మాత్రం జేజి మెల్లగా చెప్పేది, ఎవరైనా వింటారని. ఆ మనుషులంతా పండక్కో పెళ్ళికో వచ్చి, మా బుగ్గలు గిల్లి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వి, కొరుక్కు తినేస్తాననేవాళ్ళు. పిల్లలకి అది ముద్దో బెదిరింపో తెలియదు. జేజి పుస్తకంలో చూపించాక వాళ్ళంటే మాకు భయం తగ్గింది. మామ వస్తే తమ్ముడు తలుపు చాటు నుంచి రెప్పవేయకుండా ఆయన కళ్ళలోకి చూసేవాడు.

రాత లేని ఆ మూడు బొమ్మల దగ్గర జేజి ఆగేది. ఇంగ్లీషు వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ అక్కడ ఒకటే. చిన్నాయన చదివినా అక్కడ చదవడానికేం లేదు. జేజి పక్కనున్న స్టీలు పళ్ళెం తీసి గరిటెతో కొట్టేది, మేం చాపల మీద, పరుపుల మీద ఎగిరేవాళ్ళం. కింద ఇంట్లో సున్నం రాలుతుందని అమ్మ అరిచేదాకా.

ఆఖరి పేజీలో బొమ్మ ఉండదు, తెల్ల కాగితం మీద చిన్న ముక్క మాత్రం ఉంటుంది. అది జేజి చదవలేదు. నాన్న పైకొస్తే చూపించి ఏం రాసుందని అడిగింది. అన్నం ఇంకా వేడిగానే ఉంది అని రాసుందమ్మా అన్నాడు నాన్న. "అంతేనా, పిల్లోడు తప్పయిపోయింది అనలేదా?" అని జేజి మళ్ళీ అడిగింది. లేదన్నాడు. జేజి కాసేపు ఆలోచించి, "అవసరం లేదులే" అనింది. ఆ రోజు నుంచి ఆఖరి పేజీ దగ్గర పళ్ళెంలో ఏముందో కూడా తనే చెప్పేది. రసం అన్నం, నెయ్యి, చిన్న వడియాలు. చేపల పులుసు పెట్టొచ్చు కదా అంటే ఒప్పుకునేది కాదు. పులుసు మర్నాటికి గానీ ఊరదు, ఈ పిల్లోడికి ఇప్పుడే వేడిగా కావాల అనేది.

మేం చదివిన కథల్లో తప్పు చేసిన పిల్లవాడికి చివర్లో బుద్ధి రావాల్సిందే. ఇందులో వాడు అమ్మని తినేస్తానన్నాడు, ఏడాది పాటు తిరిగొచ్చాడు, ఎవరూ ఏమీ అడగలేదు. ఈ పుస్తకానికున్న గొప్పతనం ఇదేనని నా నమ్మకం. పిల్లల కోపానికి శిక్ష ఉంటే ఉండొచ్చు, కానీ అన్నం మాత్రం ఆగదు.

ఇప్పుడు సినిమా సంగతి.

2010లో చిన్నాయన కుటుంబంతో వచ్చినప్పుడు డిస్కు తెచ్చాడు. అమెరికా డిస్కు మా డీవీడీ ప్లేయర్‌లో ఆడలేదు, రీజియన్ కోడ్ వేరు. తమ్ముడు తన లాప్‌టాప్‌ని టీవీకి కలిపాడు. బయట ఎండ, లోపల ఇన్వర్టర్ మీద ఫ్యాను, బుట్ట నిండా ఉలవపాడు బంగినపల్లి కాయలు. జేజి అప్పటికి లేదు. అమ్మ, నాన్న, చిన్నాయన, చిన్నమ్మ, నాలుగేళ్ళ నా కూతురు, ఇంకొందరు పిల్లలు, వాళ్ళలో మా పెదనాయన మనవడు. వాడికి తొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న కువైట్‌లో ఉండేవాడు.

పుస్తకం ఎంత నిదానంగా చదివినా పది నిమిషాలు పట్టదు. సినిమా గంటా నలభై నిమిషాలు. మిగతా కాలం దేంతో నింపాలి? బొమ్మల పుస్తకాన్ని సినిమా చేసే ప్రతివాళ్ళకీ ఇదే చిక్కు. 'జుమాంజీ' 1981లో వచ్చిన బొమ్మల పుస్తకం. ఇద్దరు పిల్లలు ఒక మధ్యాహ్నం ఇంట్లో ఆడుకున్న ఆట, అంతే. 1995 సినిమాలో ఆ ఆటలో 26 ఏళ్ళు ఇరుక్కుపోయిన మనిషిని కొత్తగా పెట్టారు. అదొక దారి. స్పైక్ జోన్జ్ ఇంకో దారి పట్టాడు. కొత్త సాహసాలేం చేర్చలేదు. ఆ పిల్లవాడికి కోపం ఎందుకొచ్చిందో చెప్పడానికి కూర్చున్నాడు.

సినిమాలో మ్యాక్స్‌కి నాన్న దగ్గర లేడు. అక్క పెద్దదై స్నేహితుల్లో పడిపోయింది. వాడు మంచుతో కట్టుకున్న ఇంటిని అక్క స్నేహితులు ఆటలో తొక్కేస్తారు. వాడు ఏడుస్తూ అక్క గదిలోకి పోయి, తనే ఆమెకి చేసిచ్చిన పుల్లల బొమ్మని విరిచేస్తాడు. తర్వాత ఒక రాత్రి అమ్మ స్నేహితుడు ఇంటికొచ్చినప్పుడు అరిచి గోల చేసి, అమ్మని కొరికి, ఇంట్లోంచి పారిపోతాడు. పడవ ఎక్కి మృగాల దగ్గరికి చేరతాడు.

నా కోపం సరిగ్గా ఇక్కడ. గదిలో అడవి మొలవలేదు! వాడు తలుపు తీసుకుని బయటికి పోయాడు. పుస్తకంలో వాడు ఇల్లు దాటలేదు. గోడలే అడవి అయ్యాయి. తల్లి పక్క గదిలో ఉండగానే వాడు అంత దూరం పోయొచ్చాడు. మాకు మిద్దె మీద అంత ధైర్యం ఇచ్చింది ఆ సంగతే. కింద అమ్మ గిన్నెల చప్పుడు వినపడుతూ ఉండగా మేం మృగాల మధ్య ఉండేవాళ్ళం. పిల్లవాణ్ణి రాత్రిపూట వీధిలోకి పరిగెత్తించాక ఆ భరోసా పోయింది. నా కూతురు ఆ క్షణంలోనే నా ఒళ్ళోకి వచ్చేసింది.

తమ్ముడు దీనికి ఒప్పుకోడు. నిజంగా కోపమొచ్చిన పిల్లలు గదిలో కూర్చోరక్కా, బయటికే పోతారు అంటాడు. వాడు చిన్నప్పుడు అలిగి కావలి స్టేషన్ దాకా నడిచిపోయిన మనిషి, వాడి మాట వాడికి నిజం.

మృగాలు మాత్రం అద్భుతం, ఇందులో మాకు తేడా లేదు. అంతా కంప్యూటర్‌లో గీయకుండా, జిమ్ హెన్సన్ సంస్థ వాళ్ళు చేసిన పెద్ద పెద్ద బొమ్మ తొడుగుల్లో మనుషుల్ని పెట్టి ఆస్ట్రేలియాలో తీశారు. మొహాల్లో కదలిక మాత్రం కంప్యూటర్‌తో చేర్చారు. అందుకే అవి దూకితే నేల అదిరినట్టుంటుంది, బొచ్చుకి దుమ్ము అంటుతుంది, ఎండ పడితే మెరుస్తుంది. సెండాక్ బొమ్మల్లో ఉన్న బరువు తెర మీదికి వచ్చింది.

కానీ వాటికి పేర్లు పెట్టారు. క్యారల్, జూడిత్, ఐరా, డగ్లస్ అని. ఒకరికి అసూయ, ఒకరికి దిగులు, ఒకరిని ఎవరూ పట్టించుకోరు. పెద్దవాళ్ళలాగా కూర్చుని మాటలు అనుకుంటారు, మనసులు నొచ్చుకుంటారు. పుస్తకంలో వాటికి పేర్లు లేవు, మాటలూ తక్కువే. పేర్లు లేవు కాబట్టే అక్కడ బిట్రగుంట మామకి చోటు దొరికింది. సినిమా నింపేసిన చోటల్లా మా జేజికి చోటు లేకుండా పోయింది. నేను ఎవరితో వాదించినా చెప్పేది ఈ ఒక్క మాటే.

చిన్నాయన అభ్యంతరం వేరు. "పిల్లల సినిమాలో ఇంత ఏడుపేంది? పాటలుండవు, నవ్వుండదు" అని సగంలోనే మామిడికాయలు కోయడానికి పోయాడు. క్యారల్ కోపంతో డగ్లస్ చెయ్యి పీకేసే సీను వచ్చింది. రక్తం రాదు, ఇసుక రాలుతుంది. అయినా చిన్నపిల్లలు గొల్లుమన్నారు. చిన్నమ్మ వాళ్ళని తీసుకుని పక్క గదిలోకి పోయింది.

అమెరికాలోనూ ఇలాగే జరిగిందట. విడుదలకి ముందే, పిల్లలు జడుసుకుంటారేమోనని నిర్మాణ సంస్థ కంగారుపడింది. పది కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి దాదాపు అంతే వచ్చింది. మెచ్చుకున్న విమర్శకులు చాలా మెచ్చుకున్నారు, మిగతావాళ్ళు ఇది పిల్లల గురించి పెద్దవాళ్ళ కోసం తీసిన సినిమా అన్నారు. దర్శకుడు కూడా పిల్లల సినిమా తీయాలని కాదు, బాల్యం గురించి తీయాలనే మొదలుపెట్టానని చెప్పుకున్నాడు. సెండాక్ మాత్రం మొదటి నుంచీ సినిమా పక్షమే, నిర్మాతల్లో ఆయన కూడా ఒకరు. పిల్లలు భయపడతారని అడిగినవాళ్ళకి చాలా కటువుగా జవాబిచ్చాడు.

ఆయనకి ఆ మాట కొత్త కాదు మరి. పుస్తకం వచ్చినప్పుడూ అదే అన్నారు. 1964లో, అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం వచ్చినా గొణుగుళ్ళు ఆగలేదు. బ్రూనో బెటెల్‌హైమ్ అనే పేరున్న మానసిక శాస్త్రవేత్త 1969లో ఒక పత్రికలో ఈ పుస్తకాన్ని తప్పుబట్టాడు. అన్నం పెట్టకుండా ఒంటరిగా గదిలోకి పంపడం పిల్లల్లో అమ్మ తమని వదిలేసిందనే భయం పుట్టిస్తుందని ఆయన వాదన. పిల్లలు మాత్రం పుస్తకాన్ని వదల్లేదు. సినిమాని చూసి జడుసుకుంటారన్న వాదన నాకు అందుకే అంత బలంగా అనిపించదు. నా కోపం భయం గురించి కాదు, చోటు గురించి.

మా అమ్మ ఆ సినిమాలో ఇంగ్లీషు సగమే అర్థం చేసుకుంది. ఒక సీనులో తల్లి రాత్రిపూట టేబుల్ దగ్గర కూర్చుని ఆఫీసు పని చేసుకుంటూ ఉంటుంది. మ్యాక్స్ కింద పడుకుని ఆమె కాలి మేజోడు లాగుతూ ఉంటాడు. ఆమె వాణ్ణి కథ చెప్పమంటుంది, చెబితే టైప్ చేసుకుంటుంది. అమ్మకి అది చాలా నచ్చింది. చివర్లో వాడు తిరిగొచ్చి తింటుంటే తల్లి ఎదురుగా కూర్చుని వాణ్ణే చూస్తూ చూస్తూ నిద్రలోకి జారుతుంది. "పాపం, ఎన్ని రాత్రుళ్ళు నిద్రలేదో ఆమెకి" అనింది అమ్మ. పుస్తకంలో ఎప్పుడూ కనపడని తల్లి, ఏళ్ళ తరబడి మా మిద్దె కిందే ఉండిపోయిన తల్లి, అప్పుడు కనపడింది. ఆ ఒక్క సీను కోసం ఆ దర్శకుడికి దణ్ణం పెడతాను.

2012 మే నెలలో సెండాక్ పోయాడు. ఆయన మీద వచ్చిన వ్యాసాలు చదువుతుంటే ఒక సంగతి కనపడింది. మొదట ఆయన మృగాలు కాదు, గుర్రాలు వేద్దామనుకున్నాడట. గుర్రాలు సరిగ్గా కుదరలేదు. మరి ఏం వేయాలని ఆలోచించి, చిన్నప్పుడు బ్రూక్లిన్‌లో ఆదివారాలు తమ ఇంటికొచ్చే చుట్టాలను వేశాడు. పోలండ్ నుంచి వచ్చిన యూదులు, ఎగుడుదిగుడు పళ్ళు, పిల్లల బుగ్గలు గిల్లి తినేస్తాం అనే మనుషులు. అమ్మ వంట ఆలస్యమైతే నిజంగానే తనని తినేస్తారేమో అనుకునేవాడట ఆ పిల్లవాడు. నాకు ఒళ్ళు జలదరించింది. కావలి దాటి ఎక్కువ దూరం పోని మా జేజి, ఒక్క అక్షరం చదవకుండా, ఆ మృగాలు ఎవరో సరిగ్గా చెప్పింది. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను. "చూశావా, చుట్టాలే" అన్నాను. వాడికీ మాట రాలేదు కాసేపు.

పెదనాయన మనవడి గురించి చెప్పాలి. ఆ రోజు పిల్లల్లో చివరిదాకా కదలకుండా కూర్చుంది వాడొక్కడే. మంచు ఇల్లు కూలినప్పుడు ఏడ్చాడు, చెయ్యి ఊడినప్పుడు ఏడవలేదు. సినిమాలో మ్యాక్స్ మృగాలతో, తన దగ్గర దిగుళ్ళన్నీ ఆపే కవచం ఉందని చెబుతాడు. అది అబద్ధమని చివరికి తెలిసిపోతుంది. అయిపోయాక వాడు నా దగ్గరికొచ్చి, "పిన్నీ, రాజయినా వాళ్ళందర్నీ సంతోషంగా ఉంచలేకపోయాడు గదా, మరి వాణ్ణి ఎందుకు తినలేదు?" అని అడిగాడు. వాడంటే ఇష్టం కాబట్టి అన్నాను. సరే అని, లాప్‌టాప్ దగ్గరికి పోయి మృగాలు కోట కట్టే సీను మళ్ళీ పెట్టించుకున్నాడు. ఆ ముందు సంక్రాంతికి వాళ్ళ నాన్న రావడం లేదని తెలిసి, ఆయన కోసం వేసి ఉంచిన బొమ్మని వాడే చింపేశాడని వాళ్ళమ్మ తర్వాత చెప్పింది.

వాడికి నేను పుస్తకం కూడా ఇచ్చాను. మర్యాదగా తిరగేసి ఇచ్చేశాడు. వాడికి కావాల్సింది సినిమాలో ఉంది. నా కూతురు అందుకు పూర్తిగా ఎదురు. సినిమా మళ్ళీ పెడతానంటే వద్దని, అట్ట ఊడిపోయిన ఆ పాత పుస్తకాన్ని పట్టుకుని మిద్దె ఎక్కేది.

ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. నాలుగైదేళ్ళ పిల్లలకైతే ముందు పుస్తకం చూపించండి. మీరు చదవకండి, బొమ్మలు చూసి వాళ్ళనే చెప్పనివ్వండి, మృగాలకి పేర్లు కూడా వాళ్ళనే పెట్టనివ్వండి. తొమ్మిది, పదేళ్ళు దాటి, వస్తువులు విసిరేసి తలుపులేసుకునే పిల్లలుంటే సినిమా చూపించండి. చెయ్యి ఊడే సీను దగ్గర మాత్రం లేచిపోకుండా పక్కనే కూర్చోండి.